తాళం వేసిన గూట్లో రంగమ్మ

మార్చి 10, 2024

పొద్దున్నుంచీ మరిది ల్యాప్‌టాప్ ముందునుంచి లేవలేదు. ఫిబ్రవరి 28న కేంద్ర పర్యావరణ శాఖ కొత్త నియమాలు ఇచ్చింది. సైటీస్ ఒప్పందం కింద రక్షణ ఉన్న విదేశీ జీవులు ఇంట్లో ఉంటే 6 నెలల్లో పరివేశ్ పోర్టల్లో నమోదు చేయించుకోవాలి. వన్యప్రాణి చట్టానికి 2022లో జరిగిన సవరణకు ఇది కొనసాగింపు. మా రంగమ్మ ఆ లెక్కలోకి వస్తుంది. మెక్సికో పసిఫిక్ తీరపు టరాంటులా, బ్రాకిపెల్మా హమోరీ. నల్లటి ఒళ్లు, మోకాళ్ల దగ్గర నారింజ రంగు. తమంతట తాము చెప్పినవాళ్లను పత్రాలు అడగబోమని 2020లో కేంద్రం గడువిస్తే, మరిది అప్పుడే బెంగళూరు హాస్టల్ గది నుంచి వివరాలు పంపేశాడు. ఆ కాగితం ఉండబట్టే నేను దాన్ని గడప దాటి లోపలికి రానిచ్చాను.

అత్తయ్యగారు మాత్రం ఇప్పటికీ ఆ గది ముందునుంచి వెళ్లేటప్పుడు చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకునే నడుస్తారు.

మార్చి 16

పిల్లలున్న ఇంట్లో అంత సాలెపురుగా అని వచ్చినవాళ్లంతా అడుగుతారు. అడగాల్సిందే. నేనూ అడిగాను. జవాబు మాత్రం పురుగులో వెతక్కూడదు, పెట్టెలో వెతకాలి. అది సాధువా కోపిష్టా అనేది తర్వాత సంగతి.

మా పెట్టె ఆక్రిలిక్‌ది. గాలి రంధ్రాలు మా చిన్నోడి చిటికెన వేలు కూడా దూరనంత సన్నవి. తలుపుకి తాళం కప్ప. ఆ పెట్టె ఉండేది మరిది గదిలో గోడ గూట్లో. గూటికి చెక్క తలుపు, దానికి పైన గడియ. నాలుగేళ్లవాడు కుర్చీ లాక్కుని ఎక్కినా ముందు గడియ అందాలి, తర్వాత తాళం రావాలి. బల్ల మీదో స్టూలు మీదో పెట్టకుండా గూట్లోనే ఎందుకంటే, క్రికెట్ బంతి తగిలినా పెట్టె కిందపడకూడదు.

పెట్టె లోపల అడుగున కొబ్బరిపొట్టు మందంగా పరిచాం. పొట్టుకీ మూతకీ మధ్య ఖాళీ తక్కువే ఉంచాం. రంగమ్మ నేలమీద తిరిగే జాతి. బరువైన పొట్ట, పల్చటి చర్మం. గోడెక్కి పైనుంచి జారిపడితే పొట్ట పగిలి చచ్చిపోతుంది. మరిది ముందు కొన్న పెట్టె చూడ్డానికి బావుండేది, నిలువుగా పొడుగ్గా. చెట్లమీద ఉండే జాతులకి అలాంటివి సరిపోతాయి, దీనికి కాదు. బోర్లించిన సగం కుండపెంకు దానికి ఇల్లు. ఓ సీసామూతలో నీళ్లు. అంతకుమించి అది ఏమీ కోరదు.

చేతిమీద ఎక్కించుకోవడం లేదు. ఈ మాట మరిదికీ వర్తిస్తుంది. “నాకు అలవాటే వదినా, ఏం చెయ్యదు” అన్నాడు. నిజమే కావచ్చు. బాబాయ్ అరచేతిలో అది కూర్చోవడం చూసిన పిల్లాడు బాబాయ్ లేనప్పుడు ఏం చేస్తాడో నాకు తెలుసు. ఒప్పుకున్నాడు. ఆ రోజునుంచీ ఏం చెయ్యాలన్నా పొడుగు పట్టకారుతోనే.

ఏప్రిల్ 7

పొట్టు మార్చే రోజు. పిల్లలిద్దర్నీ కింద వాటాలోకి పంపేశాం. మరిది కళ్లద్దాలు, మాస్కు, గ్లౌజులు వేసుకుని డాబా మీద, గాలి వాలు చూసుకుని కూర్చున్నాడు.

జనం కోరలకు భయపడతారు. అమెరికా ఖండాల టరాంటులాల విషయంలో నాకు భయం వెంట్రుకలంటేనే. బెదిరితే వెనక కాళ్లతో పొట్టమీది సన్నటి నూగు రాల్చి గాల్లోకి విసురుతుంది. ఆ నూగుకి ముళ్లుంటాయి. చర్మానికి తగిలితే దురద, దద్దుర్లు. కంట్లో పడితే నల్లగుడ్డులోకి దిగబడతాయి. 2010లో లాన్సెట్ పత్రికలో ఇంగ్లండ్‌లోని లీడ్స్ డాక్టర్లు ఒక కేసు రాశారు. ఒకతను తన సాలీడు తొట్టె కడుగుతుంటే అది విసిరిన నూగు ముఖానికి తగిలింది. మూడు వారాలు కన్ను ఎర్రబడి, నీరు కారి, మందులకు లొంగలేదు. పెద్దగా చేసి చూపే పరికరంలోంచి చూస్తే కార్నియాలో సన్నటి వెంట్రుకలు గుచ్చుకుని ఉన్నాయట. తొట్టె కడిగేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోవాలని ఆ డాక్టర్లు రాశారు. ఆ ఒక్క కేసు చదివాకే నేను ఈ తతంగమంతా పెట్టాను.

నూగు పాత పొట్టులోనూ, అది విడిచిన కుబుసంలోనూ ఉంటుంది. అందుకని పాత పొట్టు మొక్కల కుండీల్లో వెయ్యకుండా సంచిలో మూటకట్టి పారేస్తాం. మా చిన్నోడికి చలికాలం ఆయాసం వస్తుంది. వాడు పడుకునే గదికీ గూటికీ మధ్య రెండు గదులుండాలన్నది నేను పెట్టిన మొదటి షరతు.

ఫ్రిజ్ తలుపుమీద ఓ కాగితం అంటించాను. చర్మానికి నూగు తగిలితే సెల్లోటేపు అంటించి లాగాలి, తర్వాత కడగాలి, రుద్దకూడదు. కంట్లో పడితే నీళ్లతో బాగా కడిగి, నలపనివ్వకుండా తాడిగడపలోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి వెళ్లాలి. ఏ జీవి నూగో డాక్టరుకి ముందే చెప్పాలి. ఈ చివరి మాట కింద రెండు గీతలు గీశాను.

ఏప్రిల్ 27

నంద్యాలలో పెళ్లికి రైల్లో. కంభం, గిద్దలూరు దాటాక నల్లమల మొదలవుతుంది. ఎండాకాలం అడవి, ఆకు రాల్చిన చెట్లు, కొమ్మల మధ్యనుంచి ఆకాశం. మా పెద్దమ్మాయి కిటికీకి అతుక్కుపోయింది. ఈ గిద్దలూరు, నంద్యాల మధ్యే ఎక్కడో ప్రపంచంలోకెల్లా నీలమైన సాలీడు ఉంటుందని బాబాయ్ చెప్పి పంపాడు మరి.

ఆ కథ పెద్దదానికి నేనే మళ్లీ చెప్పాను. గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన ఒక్క సాలీడుని చూసి 1899లో పోకాక్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త పోసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. ఆ తర్వాత వందేళ్లపాటు అది ఎవరి కంటా పడలేదు. 2001లో ఈ అడవిలో మళ్లీ కనిపించింది. అంటే మొదట దొరికినది గుత్తిది కాదేమో, దుంగలతోపాటు రైలెక్కి వచ్చిందేమో. దాని పేరు మాత్రం గుత్తితోనే ఉండిపోయింది. ముసలి చెట్ల తొర్రల్లో ఉంటుంది. చెట్టు కొట్టేస్తే ఇల్లు పోయినట్టే. వంద చదరపు కిలోమీటర్లకు మించని జాగాలో ఉన్నదని లెక్కగట్టి 2008లో ఐయూసీఎన్ దాన్ని అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్నవాటిలో చేర్చింది. దాన్ని చూసి ముచ్చటపడి ఐరోపాలో, అమెరికాలో ఎందరో పెంచుతున్నారు. 2019లో జెనీవాలో ఈ ప్రజాతి మొత్తాన్నీ సైటీస్ రెండో జాబితాలో పెట్టారు.

“మన ఊరి దగ్గరిదేగా, మరి మనమెందుకు పెంచుకోకూడదు?” అంది పెద్దది.

నల్లమలలోంచి ఒక్కటి తీస్తే అక్కడ ఒకటి తగ్గిపోతుందని చెప్పాను. వాళ్లెక్కడో పెంచేవి తొట్లలో పుట్టినవి, మనం తెచ్చేది అడవినుంచి ఎత్తుకొచ్చిందవుతుందని కూడా చెప్పాను. తలూపింది. పూర్తిగా ఒప్పుకున్నట్టు లేదు, కిటికీలోంచి చెట్ల మొదళ్లు చూస్తూనే ఉంది.

దానికి చెప్పని సంగతి ఇంకొకటుంది. పిల్లలున్న ఇంటికి ఆ ప్రజాతి పనికిరాదు. మన ప్రాంతపు ఈ చెట్టు సాలీళ్లకి నూగు విసిరే విద్య లేదు. బదులుగా మెరుపు వేగం, గట్టి విషం ఉంటాయి. కరిస్తే ప్రాణం పోదు కానీ కండరాలు పట్టేస్తాయి. ఆ నొప్పులు కొందరిలో గంటల తర్వాత మొదలై రోజుల తరబడి మళ్లీమళ్లీ వస్తాయి. చెయ్యి తిరిగినవాళ్లే తలుపు తీయడానికి జంకే జీవి అది.

మే 4

40 దాటింది. బెజవాడ ఎండ రంగమ్మకీ ఎక్కువే. మనకి హాయిగా ఉండే వేడి దానికీ హాయి, 35 దాటితే ప్రమాదం. గూడు ఉత్తరపు గోడలో ఉంది కాబట్టి కాస్త నయం. కరెంటు పోయినప్పుడు గూటి పక్కన తడిగుడ్డ చుట్టిన కుండ పెడుతున్నాం. నీళ్ల మూత పొద్దునా సాయంత్రం చూడ్డం పెద్దదాని పని. గూటి తలుపు నేను తీస్తాను, పెట్టెలోకి ఆక్రిలిక్‌లోంచి చూసి నీళ్లున్నాయో లేదో అది చెబుతుంది.

జూన్ 15

పొద్దున్నే అత్తయ్యగారి కేక. “ఒరే, చచ్చిపోయిందిరా మీ పురుగు!”

రంగమ్మ వెల్లకిలా పడి ఉంది. కాళ్లు పైకి. చిన్నోడు ఏడుపు మొదలెట్టాడు. మరిది పరిగెత్తుకొచ్చి చూసి గూటి తలుపు మెల్లిగా మూసేశాడు. చావలేదు, కుబుసం విడుస్తోంది. టరాంటులా ఆ పని వెల్లకిలా పడుకునే చేస్తుంది. చచ్చిపోయేది వేరేలా ఉంటుంది. సాలీడు కాళ్లు చాపేది లోపలి ద్రవం ఒత్తిడితో. ప్రాణం పోతే ఒత్తిడి పోయి కాళ్లన్నీ పొట్ట కిందికి ముడుచుకుంటాయి. వెల్లకిలా ఉంటే కదిలించొద్దు, ముడుచుకుంటేనే బెంగపడాలి. అత్తయ్యగారు వింటూ నిలబడ్డారు. నిన్నటిదాకా అయితే చీపురు తెచ్చేవారు.

రెండు వారాలుగా ఏం పెట్టినా ముట్టకపోవడం ఇందుకేనన్నమాట. ఈ సమయంలో పెట్టెలో బతికున్న కీచురాయి మిగిలిపోతే, మెత్తబడ్డ సాలీడునే అది కొరికేస్తుంది. తినకపోతే సాయంత్రానికల్లా తీసెయ్యాలన్న నియమం ఇవాళ పనికొచ్చింది.

మధ్యాహ్నానికి పాత తొడుగు పక్కన పడుంది, ఎనిమిది కాళ్లతో సహా. రంగమ్మ కోరలు తెల్లగా, మెత్తగా ఉన్నాయి. అవి నల్లబడి గట్టిపడేదాకా తిండి లేదు. ఆడదని మరిదికి తెలిసింది కూడా ఇలాంటి కుబుసాన్ని తడిపి విప్పి చూసినప్పుడేనట. మగవి పెద్దవయ్యాక ఎక్కువకాలం బతకవు. ఆడవి 20 ఏళ్లు దాటుతాయి.

పెద్దది తొడుగుని ముట్టుకుంటానంది. నూగుంటుంది, ముట్టుకోవద్దన్నాను. మరిది దాన్ని మూత బిగించే గాజుసీసాలో పెట్టి ఇచ్చాడు. ఇప్పుడది దాని పుస్తకాల బల్లమీద ఉంది.

జులై 14

దోమలు. సందు చివర పొగ బండి వచ్చింది.

ఈ ఇంట్లో నిజంగా ఇబ్బందిపెట్టిన విషయం ఇదొక్కటే. దోమల్ని చంపే మందు సాలీడునీ చంపుతుంది. కాయిల్, ప్లగ్గుకి పెట్టే ట్రాన్స్‌ఫ్లూత్రిన్ సీసా, బొద్దింకల స్ప్రే, అన్నీ ఒకే తానులో ముక్కలు. బెజవాడలో వానాకాలం డెంగీ లేని వీధి ఉండదు. సాలీడు కోసం పిల్లల్ని దోమలకి వదలను, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. మరిదికీ లేదు.

కిటికీలన్నిటికీ జాలీ కొట్టించాం. పిల్లలు దోమతెరలో పడుకుంటారు. మరిది గదిలో ప్లగ్గు లేదు, పిల్లల గదిలో అవసరమైనప్పుడు పెడతాం, తలుపు మూసి. పొగ బండి చప్పుడు వినబడగానే కిటికీలు వేసి గూటి తలుపు సందులో తడిగుడ్డ దోపుతాం. మందు పట్టిన చేతులతో నీళ్ల మూత ముట్టుకోం.

ఆగస్టు 11

అవనిగడ్డలో పెద్దమామయ్య గారింట్లో. చేలల్లో మిడతలు బోలెడు. పిల్లలు సీసా నిండా పట్టుకొచ్చారు, రంగమ్మకి. పొలంలో ఏ మందు కొట్టారో ఎవరికి తెలుసు, వదిలేయమన్నాను. ఇంట్లో దొరికే బొద్దింకకీ అదే సంగతి. మరిది తెప్పించి పెంచే కీచురాళ్లే దానికి తిండి.

పెద్దమామయ్యకి మా సంగతి వింతగా ఉంది. “ఇక్కడ పాములతో చస్తుంటే మీరు డబ్బులిచ్చి పురుగుల్ని పెంచుతున్నారా అమ్మా?” అన్నారు. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఎక్కువై అవనిగడ్డ ఆసుపత్రి నిండిపోవడం, మోపిదేవి గుళ్లో సర్పదోష నివారణ హోమం చేయించడం ఆయన కళ్లారా చూసినవే.

ఆయన మాటలో న్యాయముంది. డెల్టాలో పిల్లలకి ప్రాణాపాయం పామువల్ల, ఎర్ర తేలువల్ల. ఎర్ర తేలు కుడితే పిల్లల గుండె దెబ్బతింటుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మహారాష్ట్రలో మహాడ్ అనే చిన్న ఊళ్లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ రక్తపోటు మాత్ర ప్రాజోసిన్‌తో ఆ చావులు ఎంతో తగ్గించాడు. టరాంటులా కాటుతో మనిషి పోయినట్టు ధ్రువపడిన దాఖలా లేదు. కుక్కల సంగతి అలా కాదు. ఆస్ట్రేలియా టరాంటులాలు కరిచి కుక్కలు గంటల్లో చనిపోయాయి. మా రంగమ్మ కాటు కందిరీగ కుట్టినంత బాధ అంటారు, అలాగని తేలిగ్గా తీసుకోను. పాము మందు దీనికి పనిచెయ్యదు, దీనికంటూ మన దగ్గర విరుగుడూ లేదు. సబ్బుతో కడిగి, ఐసు పెట్టి, కండరాలు పట్టేసినా ఊపిరాడకపోయినా ఒంటినిండా దద్దుర్లొచ్చినా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. అదీ ఫ్రిజ్ కాగితంమీద ఉంది.

ఈ ఒక్క పెట్టె మూలాన పిల్లలు చెప్పులు దులిపి వేసుకోవడం నేర్చుకున్నారు, చేయి పెట్టేముందు చూడ్డం నేర్చుకున్నారు. పెద్దమామయ్యగారి కట్టెల మోపు దగ్గర చిన్నోడు ముందు కర్రతో తట్టి చూశాడు. ఆ వయసులో మా ఊళ్లో ఎవరూ అలా చెయ్యగా నేను చూడలేదు.

సెప్టెంబర్ 1

బుడమేరు పొంగింది. సింగ్ నగర్లో ఆడపడుచు ఇల్లు నీళ్లలో ఉంది. మేడమీద ఇంటివాళ్ల దగ్గర ఉన్నామని ఒక్కసారి మాట్లాడింది, తర్వాత ఫోను కలవడం లేదు. మా సత్యనారాయణపురంలో వాన మాత్రమే. మా ఆయన, మరిది సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గరికి వెళ్లారు.

సెప్టెంబర్ 3

నిన్న సాయంత్రం పడవలో ఫ్లైఓవర్ దాకా తెచ్చారు. ఆడపడుచు, అన్నయ్యగారు, ఇద్దరు పిల్లలు, వాళ్లతోపాటు పక్కవాటా వాళ్లు, వాళ్ల ముగ్గురు పిల్లలు. అందరూ ఒకే జత తడిబట్టలతో. బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిందట, ఎప్పుడూ రానంత.

ఇల్లంతా పిల్లలే. మా పిల్లలకి గూటి నియమాలు తెలుసు, వీళ్లకి తెలీవు. అన్నం పెట్టాక ముందు చేసిన పని ఇదే. పెద్దలందర్నీ ఆ గదిలోకి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. ఇందులో ఇది ఉంది, ఇక్కడ తాళం, చెవి నా మెళ్లో. దాచిపెడితే పిల్లలు వెతికి తీస్తారు. పక్కవాటా ఆవిడ ముఖం పాలిపోయింది. రెండు రాత్రులు ఇంట్లోకి పాము వస్తుందేమోనని కళ్లు మూయని మనిషి. “ఈ పూట మాకిదొద్దండీ” అంది మెల్లిగా.

వాదించలేదు. అది భద్రంగా ఉందని నాకు తెలిసినంత మాత్రాన ఆవిడకి నిద్ర పట్టదు. మరిది పెట్టెని దుప్పట్లో చుట్టి, పై వాటాలో ఉండే రిటైర్డు జువాలజీ మేష్టారిని అడిగి, ఆయన బీరువాలో పెట్టి తాళం వేసి వచ్చాడు. కరెంటు లేకపోయినా, తిండి లేకపోయినా వారాలు ఉండగలదు. మనుషుల పని చూసుకోవడానికి అది టైమిచ్చింది.

సెప్టెంబర్ 7

వినాయక చవితి. పత్రి లేదు, పువ్వులు లేవు, ఉన్నదాంతో చేశాం. బుడమేరు గండ్లు పూడ్చారని టీవీలో వచ్చింది.

పక్కవాటా వాళ్ల పెద్దబ్బాయి నన్ను పక్కకి పిలిచి, పైవాటాలో ఉన్నదాన్ని ఒక్కసారి చూపిస్తారా అన్నాడు. వాళ్లమ్మని అడిగి రమ్మన్నాను. అడిగి వచ్చాడు. వాళ్లమ్మా వెనకాలే వచ్చింది. చెయ్యి చాపినంత దూరంలో నిలబడి ఇద్దరూ చాలాసేపు చూశారు. “ఎంత నిమ్మళంగా ఉందో” అంది ఆవిడ.

అక్టోబర్ 6

దసరా రద్దీ. కొండమీది గుడికి వెళ్లొచ్చేసరికి ఫోను. పెద్దదాని క్లాసు పిల్లాడి తండ్రి. కొడుకు ఇలాంటి సాలీడు కావాలని మొండిపట్టు పట్టాడట, ఎవరో పార్సిల్లో పంపుతామన్నారట, సాయం చెయ్యమంటాడు.

2021 జులైలో చెన్నై విమానాశ్రయంలో దొరికిన పార్సిల్ గురించి చెప్పాను. పోలండ్ నుంచి అరుప్పుకోట్టైకి వస్తున్న పెట్టె. థర్మోకోల్ డబ్బాలో, వెండి కాగితం, దూది చుట్టిన చిన్న సీసాల్లో 107 బతికున్న సాలీళ్లు. రంగమ్మ ప్రజాతివీ ఉన్నాయందులో. దిగుమతికి అనుమతి లేదు, ఆరోగ్య పత్రాలు లేవు. మళ్లీ పోలండ్‌కే పంపేశారు. చట్టం మాట అటుంచి, అన్ని రోజులు చీకట్లో ఒక్కో సీసాలో ఇరుక్కున్నవి ఎన్ని బతికి చేరాయో అన్నది నాకు పట్టుకున్న బాధ.

కాగితాలు లేనిది కొనొద్దని, పిల్లాణ్ణి ఆదివారం మా ఇంటికి తీసుకురమ్మని చెప్పాను. చూడాలన్న కోరిక చాలామందిలో చూడ్డంతోనే తీరిపోతుంది.

నవంబర్ 17

మరిదికి హైదరాబాదులో ఉద్యోగం. గది ఇంకా దొరకలేదు, దొరికినా నలుగురు కుర్రాళ్లుండే గది. రంగమ్మ ఇక్కడే ఉంటుంది. ఎవరి పేరున ఉండాలన్నది ఇవాళ తేలింది, నా పేరున. యజమాని మారితే అదీ పోర్టల్లో చెప్పాలి. మరిది దరఖాస్తు నింపుతున్నాడు. 2018లో పుట్టింది అనుకుంటే 2040 దాకా ఉండొచ్చు. అప్పటికి పెద్దదానికి 25 నిండుతాయి, చిన్నోడు డిగ్రీ అయిపోతాడు. ఆ లెక్క వేసుకునే సరేనన్నాను.

పొట్టు మార్చడం ఈసారి నేనే చేశాను, మరిది పక్కన నిలబడ్డాడు. కళ్లద్దాల్లోంచి చూస్తే పట్టకారు చివర దూరం సరిగా తెలియడం లేదు, మెల్లిగా అలవాటవుతుంది. పెద్దది తనకి చెవి ఎప్పుడిస్తావని అడిగింది. ఇంటర్‌లో చేరాక అన్నాను. రాసిపెట్టుకుంది.

రేపు బీసెంట్ రోడ్డుకి వెళ్లినప్పుడు రెండో తాళంచెవి చేయించాలి. అది అత్తయ్యగారి దగ్గర ఉంటుంది. ఆవిడే అడిగారు.